పాత మియాటాలో కూలెంట్ మార్చడం: ట్రేలోకి వచ్చేది సగమే

2021 జనవరిలో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా గరాజ్‌లో, నా 1992 మాజ్డా మియాటాకి మొదటిసారి సొంతంగా కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, మార్చాను. చాలా శ్రద్ధగానే చేశాననుకున్నాను. పాతది దించాను, రెండుసార్లు నీళ్లు పోసి కడిగాను, ఆ నీళ్లు కూడా దించి, ముందే సగానికి సగం నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ డబ్బా తెచ్చి నిండా పోశాను. ఫిబ్రవరి మొదటి వారంలో ఒక స్నేహితుడు, కూలెంట్ ఎంత చలికి గడ్డకడుతుందో చూపే రిఫ్రాక్టోమీటర్ పట్టుకొచ్చి, ఒక్క చుక్క వేసి చూసి, "అన్నా, ఇది మైనస్ పన్నెండుకే గడ్డ కడుతుంది" అన్నాడు. మైనస్ 37 చూపించాలి. ఆ వారాంతంలోనే మళ్లీ దించి సరిచేశాను. ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 19 పడింది. కరెంటు లేదు, గరాజ్‌లో బయట ఉన్నంత చలి. ఆ స్నేహితుడు రాకపోయి ఉంటే ఇంజిన్‌లో ఐస్ ముక్కలు తేలుతుండేవి.

తప్పు ఎక్కడ జరిగిందో లెక్క వేస్తే సిగ్గేసింది. మియాటా కూలింగ్ సిస్టమ్‌లో మొత్తం పట్టేది 6 లీటర్లు. రేడియేటర్ కింద ప్లగ్ తీస్తే బయటికి వచ్చేది దాదాపు 3 లీటర్లే. మిగతా సగం ఇంజిన్ బ్లాక్‌లో, హీటర్‌లో, గొట్టాల్లో అలాగే ఉండిపోతుంది. నేను కడిగిన నీళ్లు 3 లీటర్లు లోపల ఉండగా, దాని మీద సగం నీళ్లున్న కూలెంట్ పోశాను. పల్చటి మజ్జిగలో ఇంకో చెంబుడు నీళ్లు పోసినట్టయింది. చివరికి కూలెంట్ వాటా దాదాపు పావువంతుకు పడిపోయింది.

కింద రాసిందంతా ఈ ఒక్క లెక్క చుట్టూ తిరుగుతుంది. ఇది మొదటి తరం మియాటాకి, అంటే లైట్లు పైకి లేచే మోడల్‌కి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో వచ్చి 1997 దాకా తయారైన కారు. జపాన్‌లో దీన్నే యూనోస్ రోడ్‌స్టర్ అని అమ్మారు. 1.6 లీటర్ల ఇంజిన్ అయినా, 1994 నుంచి వచ్చిన 1.8 అయినా పద్ధతి ఒకటే. ముందు ఇంజిన్, ముందు రేడియేటర్ ఉన్న మిగతా పాత స్పోర్ట్స్ కార్లకి కూడా చాలావరకు పనికొస్తుంది. టొయోటా ఎమ్ఆర్2 లాంటి వాటికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. అందులో ఇంజిన్ సీట్ల వెనకాల, రేడియేటర్ ముక్కు దగ్గర ఉంటాయి. కారు పొడుగునా గొట్టాలు పోతాయి, గాలి తీసే చోట్లు వేరు.

అసలు ఎందుకు మార్చాలి

కూలెంట్ అంటే చలికి గడ్డకట్టని నీళ్లు అని చాలామంది అనుకుంటారు. మన ఊళ్లలో చలి గొడవ లేదు కాబట్టే ఒకప్పుడు లారీలకి బోరు నీళ్లు పోసి నడిపేసేవాళ్లు. గీజర్ రాడ్డు మీద తెల్లగా పేరుకునే ఉప్పే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఆ తర్వాత ఎండాకాలంలో రోడ్డు పక్కన బోనెట్ ఎత్తి నిలబడడమే.

కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అంత త్వరగా పాడవదు. అందులో కలిపిన తుప్పు నిరోధక రసాయనాలు మాత్రం అయిపోతాయి. మియాటా ఇంజిన్ బ్లాక్ పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాలు ఒకే నీటిలో నానుతుంటే, ఆ రసాయనాలు అయిపోయిన రోజు నుంచి అల్యూమినియం కరగడం మొదలవుతుంది. మామూలు ఆకుపచ్చ కూలెంట్‌ని రెండేళ్లకోసారి మార్చడం మంచిది. ఎక్కువ కాలం పనిచేసే రకం వాడితే డబ్బా మీద రాసిన గడువు చూసుకోండి.

రంగును నమ్మొద్దు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అనేవి కంపెనీలు ఇష్టమొచ్చినట్టు వేసే రంగులు, వాటికి ఏ ప్రమాణమూ లేదు. జపాన్ కార్ల కంపెనీలు సాధారణంగా సిలికేట్ లేకుండా, ఫాస్ఫేట్ ఉన్న రకాన్ని ఇష్టపడతాయి. యూరప్ వాళ్లు ఫాస్ఫేట్ వద్దంటారు, వాళ్ల నీళ్లలో సున్నం ఎక్కువ. డబ్బా మీద "ఏషియన్ కార్లకు" అని ఉన్నది తీసుకుంటే సరిపోతుంది. రెండు రకాలు కలపకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

నీళ్లు కలపని కూలెంట్ ఒక గ్యాలన్, అంటే 3.78 లీటర్లు. కొనేటప్పుడు కళ్లు పెద్దవి చేసుకుని చదవండి. నీళ్లు కలిపిందీ, కలపనిదీ ఒకే డబ్బాలో, ఒకే రంగులో, పక్కపక్కనే ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ నాలుగు గ్యాలన్లు. కుళాయి నీళ్లు కడగడానికి కూడా వద్దు, ఎందుకంటే ఆ నీళ్లలో సగం లోపలే ఉండిపోతాయి కదా.

కనీసం 8 లీటర్లు పట్టే ట్రే, గరాటు, లీటర్ల గీతలున్న మగ్గు, 10 ఎంఎం సాకెట్, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, జాక్, రెండు జాక్ స్టాండ్లు, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు. రేడియేటర్‌కి కొత్త డ్రెయిన్ ప్లగ్ ఒకటి ముందే తెప్పించుకోండి. ముప్పై ఏళ్ల ప్లాస్టిక్ ప్లగ్ విప్పేటప్పుడు విరిగితే, ఆదివారం సాయంత్రం దొరకదు. రేడియేటర్ మూత కూడా పాతదైతే ఈ చేత్తోనే మార్చేయండి. రిఫ్రాక్టోమీటర్ ఖరీదైన వస్తువేమీ కాదు, పాత కారు ఉన్నవాళ్ల ఇంట్లో ఒకటి ఉండాలి.

కారు చల్లారాక

రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూత లాంటిదే. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు నీళ్లు మరిగే ఉష్ణోగ్రత పెరిగి, మరగకుండా ఉంటాయి. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, కూలెంట్ మరిగి ఆవిరితో కలిసి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. రాత్రి కారు పెట్టేసి పొద్దున పని మొదలుపెట్టండి. పైన గొట్టం చేత్తో నొక్కితే మెత్తగా ఉండాలి.

కారు ముందు భాగం జాక్‌తో లేపి స్టాండ్ల మీద నిలబెట్టండి. వెనక చక్రాలకి చెక్కముక్కలు, హ్యాండ్‌బ్రేక్. ఒక్క జాక్ మీద ఉన్న కారు కిందకి తల పెట్టొద్దు. ముందు భాగం ఎత్తులో ఉండడం గాలి తీసేటప్పుడూ పనికొస్తుంది కాబట్టి పని పూర్తయ్యేదాకా దించకండి.

బంపర్ కింద ప్లాస్టిక్ రేకు ఇంకా మిగిలి ఉంటే 10 ఎంఎం బోల్టులు తీసి విప్పండి. పాత యజమానులు చాలామంది అది పారేస్తారు. రేడియేటర్‌లోకి గాలిని మళ్లించేది అదే, పారేయకూడదు.

ఇప్పుడు రేడియేటర్ పైభాగం చూడండి. నల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ ట్యాంకు గోధుమరంగుకి తిరిగితే ఆ రేడియేటర్ రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టే. అది ఏదో ఒక రోజు హైవే మీద చీలుతుంది. అలాంటప్పుడు కొత్త కూలెంట్ పోయడం దండగ, రేడియేటర్ మార్చేటప్పుడే ఈ పని చేసుకోండి.

దించడం

ఒక చిన్న కిటుకు ఉంది. ముందు మూత ఒకసారి తీసి ఒత్తిడి లేదని చూసుకుని మళ్లీ బిగించండి. ట్రే పెట్టి, కింద ప్లగ్‌ని నెమ్మదిగా వదులు చేయండి. మూత బిగించి ఉంటే ధార సన్నగా వస్తుంది, పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్లోని కూలెంట్ కూడా రేడియేటర్‌లోకి లాక్కొచ్చి దిగిపోతుంది. బాటిల్ ఖాళీ అయ్యాక మూత తీయండి. అప్పుడు ధార ఒక్కసారి జోరందుకుని అడుగు ముందుకి చిమ్ముతుంది, ట్రే ఆ లెక్కన జరిపి పెట్టుకోండి. నా గరాజ్ నేల మీద ఇంకా ఆ మరక ఉంది.

ప్లగ్ తలకి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి. తిరగకపోతే బలం పెట్టకండి. కింది పెద్ద గొట్టం క్లిప్పుని కటింగ్ ప్లేయర్‌తో నొక్కి వెనక్కి జరిపి, గొట్టాన్ని మెలితిప్పి లాగితే అదే పని అవుతుంది. కొంచెం ఒలుకుతుంది, అంతే.

ఇంజిన్ బ్లాక్‌కి కూడా డ్రెయిన్ బోల్టు ఉంది. అది తీస్తే లోపలిదీ దిగిపోతుంది, కడిగే పని తగ్గుతుంది. కానీ ముప్పై ఏళ్లుగా ఎవరూ ముట్టని బోల్టు, పానా సరిగ్గా పట్టని చోట. దాని తల గుండ్రంగా అరిగిపోయిందంటే శనివారం కాస్తా నెల అవుతుంది. నేను దాని జోలికి వెళ్లను, నీళ్లతో కడగడమే నయం.

వచ్చిన కూలెంట్‌ని పారబోసే ముందు దాన్ని చదవండి. తేటగా ఉంటే సంతోషం. తుప్పు రంగులో ఉంటే ఇనుము తినేస్తోంది, కడగడం ఎక్కువసార్లు చేయాలి. టీలో మీగడలాగా నూనె తెట్టు కనిపిస్తే బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమోనని అనుమానించాలి. అది వేరే కథ, ముందు అది తేల్చుకోండి. ఎంత వచ్చిందో మగ్గుతో కొలిచి కాగితం మీద రాయండి. ఈ అంకె తర్వాత కావాలి.

కడగడం

ప్లగ్ రబ్బరు వాషర్ చూసి బిగించండి. చేత్తో బిగిసిన తర్వాత కొద్దిగా చాలు, ఎక్కువ తిప్పితే ప్లాస్టిక్ చీలుతుంది. వచ్చినంత డిస్టిల్డ్ వాటర్ పోయండి. హీటర్ పూర్తి వేడికి పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పైగొట్టం వేడెక్కిందంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వ్) తెరుచుకుంది, నీళ్లు అన్నిచోట్లా తిరుగుతున్నాయి. ఇంకో పది నిమిషాలు నడిపి ఆపేయండి. ఇప్పుడు పూర్తిగా చల్లారాలి. తొందరపడి వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ పగిలే ప్రమాదం ఉంది. మూడు నాలుగు గంటలు పడుతుంది, మధ్యలో భోజనం చేసి ఒక కునుకు తీయొచ్చు.

ప్రతిసారీ సగం మాత్రమే మారుతుంది కాబట్టి ఒకసారి కడిగితే పాతది 50 శాతం, రెండోసారికి 25, మూడోసారికి పన్నెండున్నర మిగులుతుంది. మూడుసార్లు చాలు. రంగు ఇంకా తుప్పుగా ఉంటే నాలుగోది చేయండి. షాపులో అమ్మే కడిగే రసాయనాలు ముప్పై ఏళ్ల హీటర్‌లో పోయడం నాకు భయం. తుప్పుతోపాటు తుప్పు మూసి ఉంచిన చిల్లులు కూడా తెరుచుకుంటాయి. లీకు మూసే పొడులు అంతకన్నా పాపం. అవి చిల్లునే కాదు, రేడియేటర్ గొట్టాల్నీ మూస్తాయి.

ఈ చల్లారే సమయంలో ప్లాస్టిక్ బాటిల్ విప్పి, అడుగున ఉన్న బురద కడిగేయండి. గొట్టాల్ని వేళ్లతో నొక్కి చూడండి. పెళుసుగా కరకరమన్నా, చివర్లో ఉబ్బినా కొత్తవి వేయండి. ఇంజిన్ వెనకాల గోడలోంచి హీటర్‌కి వెళ్లే రెండు చిన్న గొట్టాల్ని అందరూ మర్చిపోతారు, చేయి పట్టదు కాబట్టి.

పోయడం: లెక్క తప్పకూడని చోటు

చివరి నీళ్లు దించాక లోపల 3 లీటర్లు దాదాపు మంచినీళ్లే ఉన్నాయి. అంటే నీళ్ల వాటా ముందే లోపల చేరిపోయింది. ఇప్పుడు పోయాల్సింది నీళ్లు కలపని కూలెంట్, 3 లీటర్లు. అప్పుడు ఆరులో మూడు, సగానికి సగం. నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే.

దించినప్పుడు 2.7 లీటర్లే వచ్చిందని మీ కాగితం చెబితే, పట్టేది కూడా దాదాపు అంతే, ఆ 2.7 పోయండి. గాలి తీసేటప్పుడు మట్టం దిగితే అప్పుడు కూడా నీళ్లు కలపని కూలెంటే పోయాలి. అప్పుడు నీళ్లు పోస్తే మళ్లీ పల్చబడుతుంది. బాటిల్‌కి మాత్రం విడిగా సగం సగం కలిపి, రెండు గీతల మధ్య దాకా పోయండి.

కొందరు అతిజాగ్రత్తకి పోయి మొత్తం చిక్కటి కూలెంటే నింపేస్తారు. అది ఇంకా పొరపాటు. నీళ్లు లేని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, వేడిని నీళ్లంత బాగా మోయలేదు కూడా. సగం నీళ్లు కలిస్తేనే అది మైనస్ 37 దాకా తట్టుకుంటుంది.

గాలి తీయడం

దించడం కన్నా ఇదే అసలు పని. మియాటా బోనెట్ చాలా కిందకి ఉంటుంది, అందుకని రేడియేటర్ మూత ఇంజిన్ కంటే ఎత్తులో ఉంటుందన్న భరోసా లేదు. గాలి ఎప్పుడూ ఎత్తైన చోటుకే చేరుతుంది. పైగా ఈ ఇంజిన్ కుటుంబం అడ్డంగా పెట్టే ముందు చక్రాల కార్ల కోసం పుట్టింది. మియాటాలో దాన్ని నిలువుగా తిప్పి పెట్టినప్పుడు థర్మోస్టాట్‌ని ముందుకి తెచ్చారు. నీళ్లు ముందు నుంచి లోపలికి వెళ్లి, ఎక్కువ భాగం ముందు నుంచే బయటికి వస్తాయి. వెనకనున్న నాలుగో సిలిండర్‌కి చల్లదనం తక్కువ. రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లేవాళ్లు అందుకే గొట్టాల దారి మార్చుకుంటారు. రోడ్డు మీద తిప్పేవాళ్లకి అంత అవసరం లేదు గానీ, ఆ వెనక భాగంలో గాలి బుడగ ఇరుక్కుంటే మాత్రం ప్రమాదమే.

కారు ముక్కు ఎత్తులోనే ఉంది కదా, ఇప్పుడు రేడియేటర్ మెడలో గరాటు బిగించండి. మెడకి గట్టిగా పట్టే ప్రత్యేకమైన గరాటు దొరుకుతుంది, అది ఉంటే సుఖం. మూత లేకుండా, హీటర్ పూర్తి వేడిలో, ఏసీ ఆపి ఇంజిన్ నడపండి. పైగొట్టాన్ని గ్లౌజు చేత్తో పిసుకుతూ ఉండండి, బుడగలు బుడబుడమంటూ వస్తాయి. ఫ్యాన్, బెల్టులకి చేతులు దూరంగా పెట్టండి.

పది పదిహేను నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా గుటక వేసినట్టు మట్టం దిగుతుంది. థర్మోస్టాట్ తెరుచుకుందన్నమాట. దిగినంత మేర నీళ్లు కలపని కూలెంట్ పోయండి. నిమిషంపాటు రెండువేల ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి వదలండి, మళ్లీ బుడగలు. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా, బుడగలు పూర్తిగా నిలిచేదాకా ఆపొద్దు. మట్టం పొంగబోతుంటే ఇంజిన్ ఆపి కాసేపు ఆగండి.

ఈలోగా మీటర్ ముల్లు మధ్యలో నిశ్చింతగా ఉందని టెన్షన్ వదిలేయకండి. మియాటా ఉష్ణోగ్రత ముల్లుని కావాలనే మొద్దుగా చేశారు. చాలా డిగ్రీల తేడా వచ్చినా మధ్యలోనే నిలబడి, కదిలే సమయానికి ఆలస్యమైపోతుంది. దానికన్నా హీటర్ గాలిని నమ్మండి. ఐడిల్‌లో చల్లగా, ఆక్సిలరేటర్ నొక్కితే వేడిగా వస్తోందంటే హీటర్‌లో గాలి ఉంది. డ్యాష్‌బోర్డు వెనక బిందెలో నీళ్లు కదిలినట్టు చప్పుడు వచ్చినా అంతే. మళ్లీ మొదలుపెట్టాలి.

పాత కూలెంట్ ఎక్కడ

గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకుతాయి. కొద్ది మోతాదుకే కిడ్నీలు పాడై చనిపోతాయి. పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త. ట్రేని ఒక్క నిమిషం కూడా వదిలి వెళ్లొద్దు, ఒలికింది వెంటనే క్యాట్ లిటర్ (పెంపుడు పిల్లుల మలమూత్రాలకి వాడే, తడి పీల్చే మట్టి) చల్లి ఎత్తేయండి. వీధి కాలువలో పోయకూడదు, అది నేరుగా చెరువుకి, వాగుకి పోతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి, పైన పేరు రాసి, ఊరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి. ఇంజిన్ ఆయిల్‌తో కలిపితే ఎవరూ తీసుకోరు. కడిగిన నీళ్లన్నిటిలోనూ ఎంతో కొంత గ్లైకాల్ ఉంటుంది, అవీ ఇందులోకే.

మూత బిగించి, కారు దించి, పది మైళ్లు తిప్పి రాత్రంతా వదిలేయండి. పొద్దున చల్లగా ఉండగా మూత తీసి చూస్తే రేడియేటర్ అంచుదాకా నిండి ఉండాలి. లేకపోతే సగం సగం కలిపినది పోయండి. పైగొట్టం లోపలికి నొక్కుకుపోయి చప్పిడిగా కనిపిస్తే మూతలోని చిన్న వాల్వ్ ఇరుక్కుంది, బాటిల్ నుంచి వెనక్కి లాక్కోవడం లేదు. కొత్త మూత వేయండి. ఇంజిన్ కింద ఒక పాత అట్టముక్క పరిచి ఉంచితే చుక్క పడినా తెలుస్తుంది. వారం తిరిగాక రిఫ్రాక్టోమీటర్‌లో ఒక చుక్క వేసి చూడండి. ఈసారి నాకు మైనస్ 38 వచ్చింది. స్నేహితుడికి ఫొటో తీసి పంపాను.